ఆలీషాన్ కొండ రైలు రివ్యూ: తుఫాన్ల దీవిలో ఆగడం తెలిసిన బండి

తైవాన్ వచ్చే మనవాళ్ళు ఆలీషాన్ గురించి నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు, సన్‌రైజ్ బాగా కనిపిస్తుందా, టికెట్లు ఎలా దొరుకుతాయి. బుక్ చేసిన రోజు బండి నడవకపోతే ఏంటి సంగతి అని మాత్రం ఎవరూ అడగరు, తీరా క్యాన్సిల్ మెసేజ్ వచ్చాక ఫోన్ చేసి తిడతారు. అందుకే ఈ రివ్యూ కొంచెం వేరేగా రాస్తున్నా. నా రేటింగ్ 5కి 5. అందులో అందానికి రెండు, మిగతా మూడు మాత్రం ఆ రైల్వే వాళ్ళకి బండి ఎప్పుడు ఆపాలో తెలిసినందుకు.

ముందు మామూలు వివరాలు. ఇది జియాయీ ఊరి నుంచి పైకి ఆలీషాన్ దాకా వెళ్ళే నేరో గేజ్ లైన్, పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు, పొడవు 71 కిలోమీటర్లు. జియాయీ సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తులో ఉంటే ఆలీషాన్ స్టేషన్ 2,216 మీటర్ల ఎత్తులో ఉంది, ఎక్కడానికి ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. టికెట్ 600 తైవాన్ డాలర్లు, మన డబ్బుల్లో పదహారు పదిహేడు వందలు. వీకెండ్ టికెట్లు బుకింగ్ తెరవగానే అయిపోతాయి, వారం మధ్యలో అయితే నయం. కింద అరటి, పోక చెట్లు, వెదురు కనిపిస్తాయి, పైకెళ్ళేకొద్దీ తేయాకు తోటలు, ఆ పైన పొడుగాటి సైప్రస్ చెట్లు. తులీషాన్ దగ్గర బండి కొండ చుట్టూ మూడు చుట్లు తిరుగుతూ ఎక్కుతుంది, ఇందాక దాటొచ్చిన స్టేషనే కాసేపటికి కింద కనిపిస్తుంది, ఇంకాసేపటికి ఇంకా కింద కనిపిస్తుంది. పైకి చేరే ముందు జడ్ ఆకారంలో ముందుకీ వెనక్కీ వెళ్తూ ఎక్కుతుంది. పైకెళ్ళేటప్పుడు ఇంజన్ వెనకాల ఉండి పెట్టెల్ని తోస్తుంది, పొరపాటున కప్లింగ్, అంటే పెట్టెల్ని కలిపే కొక్కెం, తెగినా పెట్టెలు ఇంజన్‌కి ఆనుకునే ఉంటాయి గానీ లోయలోకి జారిపోవు. ఈ సంగతి నాకు చెప్పింది మా నాన్న.

మా నాన్న రైల్వేలో రిటైరయ్యారు, కొత్తవలస–కిరండూల్ లైన్లో చాలా ఏళ్ళు ట్రాక్ మెయింటెనెన్స్‌లో చేశారు. అరకు వెళ్ళినవాళ్ళకి ఆ లైన్ తెలిసే ఉంటుంది, 58 టన్నెళ్ళు, వానాకాలం వస్తే ఎప్పుడు ఏ కటింగ్‌లో, అంటే కొండని కోసి పట్టాలు వేసిన చోట, బండరాయి దొర్లి పట్టాల మీద పడుతుందో తెలీదు. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి వేసిన లైన్ అది. ఆలీషాన్ లైన్ కూడా జపాన్‌కి సంబంధించిందే, తైవాన్ జపాన్ పాలనలో ఉన్నప్పుడు జపాన్ వాళ్ళు కొండ మీది సైప్రస్ దుంగల్ని కిందికి దించడానికి వేసుకున్నారు, 1912లో మొదలైంది. అందుకని అమ్మానాన్న నా దగ్గరికి వచ్చినప్పుడు వేరే ఎక్కడికి తీసుకెళ్ళకపోయినా ఈ రైలు ఎక్కించాలని గట్టిగా అనుకున్నా.

మొదట సెప్టెంబర్‌లో బుక్ చేశా. తుఫాను వచ్చింది, క్యాన్సిల్. అప్పటికి వాన చుక్క కూడా పడలేదు, జియాయీలో ఎండ కాస్తోంది, నెట్లో ఒకటే గోల, ఎండలో రైలు ఆపడం ఏంటని. ఇక్కడ పద్ధతి ఏంటంటే, తుఫాను ప్రభావం తీరానికి 100 కిలోమీటర్ల లోపు సముద్రం మీదకి వచ్చేలా ఉంటే 24 గంటల ముందు సముద్ర హెచ్చరిక ఇస్తారు, నేల మీదకి వచ్చేలా ఉంటే 18 గంటల ముందు ల్యాండ్ వార్నింగ్ ఇస్తారు. ఇచ్చేది సెంట్రల్ వెదర్ అడ్మినిస్ట్రేషన్. ఆ తర్వాత ఆఫీసులకి, స్కూళ్ళకి సెలవు ఇవ్వాలా వద్దా అని ఏ కౌంటీకి ఆ కౌంటీ నిర్ణయించుకుంటుంది. కొండ రైలు మాత్రం ఆ సెలవు నిర్ణయం కంటే ముందే ఆగిపోవచ్చు. టికెట్ డబ్బులు పైసా కోత లేకుండా వెనక్కి వచ్చాయి. కొండ మీద మేం బుక్ చేసిన ఒక హోమ్‌స్టే వాళ్ళతో మాత్రం కాసేపు వాదించాల్సి వచ్చింది, వార్నింగ్ స్క్రీన్‌షాట్ పెట్టాక ఒప్పుకున్నారు.

అమ్మ దిగులు పడింది, అంత దూరం నుంచి వచ్చి చూడకుండా వెళ్ళిపోతామేమో అని. నాన్న మాత్రం "ముందే ఆపారా, మంచి పని చేశారురా. మా దగ్గర రాయి పడ్డాక ఆపిన రోజులు నేను చూశాను" అన్నారు.

ఎండ కాస్తుండగానే ఎందుకు ఆపుతారో అర్థం కావాలంటే 2009 ఆగస్టు తెలియాలి. ఆ ఏడాది మోరాకోట్ అనే తుఫాను వచ్చింది. గాలి పరంగా చూస్తే అదేం భయంకరమైనది కాదు, 7వ తేదీ రాత్రి తూర్పున హువాలియెన్ దగ్గర తీరం దాటింది. కానీ చాలా నెమ్మదిగా కదిలింది, కదులుతూ నైరుతి వైపు నుంచి తేమ గాలుల్ని దీవి మీదకి లాగింది, ఆ గాలులు వచ్చి నేరుగా ఆలీషాన్ వైపు కొండలకి కొట్టుకుని పైకి లేచి అక్కడే కుమ్మరించాయి. తుఫాను కన్ను ఉన్నది ఒకవైపు, జనం చచ్చిపోయింది ఇంకోవైపు. ఆలీషాన్‌లో మూడు రోజుల్లో 2,700 మిల్లీమీటర్లు దాటి పడింది. మన విశాఖలో ఏడాది మొత్తం కురిసేది అటూ ఇటూగా 1,000 మిల్లీమీటర్లు. రెండేళ్ళకి పైగా పడాల్సిన వాన మూడు రోజుల్లో ఒక కొండ మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

9వ తేదీ తెల్లవారాక కావోసియుంగ్ కొండల్లో స్యావ్‌లిన్ అనే ఊరి వెనకాల కొండ కూలింది. కొండచరియ అంటే మనం రోడ్డు మీద నాలుగు రాళ్ళు, మట్టి అనుకుంటాం, అది కాదు, కొండే కదిలి వచ్చేసింది. ఊరు దాని కింద పడి పూడిపోయింది, ఆ మట్టి నదికి అడ్డం పడి చెరువులా నిలిచి, ఆ కట్ట తెగి మిగిలింది కూడా ఊడ్చుకుపోయింది. ఒక్క ఆ ఊళ్ళోనే 400 మందికి పైగా పోయారు. దీవి మొత్తం మీద చనిపోయినవాళ్ళు, కనిపించకుండా పోయినవాళ్ళు కలిపి 700కి దగ్గర. తైవాన్‌లో ఆగస్టు 8 ఫాదర్స్ డే, ఆ పండక్కి ఊరొచ్చిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. సర్కారు ఆలస్యంగా కదిలిందని జనం మండిపడ్డారు, ప్రధాని రాజీనామా చేశారు. మరుసటి ఏడాది చట్టం మార్చి, కౌంటీ వాళ్ళు అడిగేదాకా ఆగకుండా సైన్యం ముందుగానే రంగంలోకి దిగేలా చేశారు. ఆ తర్వాత నుంచే ఇక్కడ ఆలోచన మారింది, రక్షించడం కంటే ముందు మనుషుల్ని అక్కడి నుంచి తీసేయాలి అని.

ఈ రైలు లైన్ కూడా ఆ వానకే వందల చోట్ల తెగిపోయింది. చాలా ఏళ్ళు బండి ఫెన్‌చీహూ దాకానే నడిచేది, సగం దారి. బాగు చేసుకుంటూ వస్తుంటే 2015లో డుజువాన్ అనే ఇంకో తుఫాను వచ్చి 42వ నంబర్ టన్నెల్ దగ్గర కొండ విరిగి మళ్ళీ మొదటికొచ్చింది. పాత టన్నెల్‌ని వదిలేసి కొండ లోపలికి జరిగి కిలోమీటరుకు పైగా కొత్త టన్నెల్ తవ్వారు, ఈ లైన్లో ఇప్పుడు అదే పొడుగైనది. అన్నీ అయ్యి మొత్తం లైన్ మళ్ళీ తెరిచింది 2024 జులై 6న. అంటే 15 ఏళ్ళు పట్టింది. తెరిచిన మూడు వారాలు కూడా కాకుండానే గేమీ తుఫాను వచ్చింది, అదీ సరిగ్గా మోరాకోట్ లాగే, కన్ను ఈశాన్యంలో ఇలాన్ దగ్గర దాటితే వాన నైరుతిలో కొట్టింది. ఇది తెలిశాక జియాయీలో ఎండ ఉంది కదా రైలు ఎందుకు ఆపారు అనే మాట నేను ఇంక అనలేను.

నవంబర్‌లో మళ్ళీ టికెట్లు దొరికాయి, ఈసారి వెళ్ళాం. అమ్మ తెల్లారుజామునే లేచి పులిహోర, పెరుగన్నం కట్టింది. శాకాహారులకి ఇది ముఖ్యం కాబట్టి చెప్తున్నా, ఫెన్‌చీహూలో బెంటో డబ్బా చాలా ఫేమస్, అందరూ దిగి కొనుక్కుంటారు, కానీ అందులో చికెన్, పోర్క్ ఉంటాయి, వెజ్ డబ్బా అడిగితే కొన్ని కొట్లలో ఇస్తారు, అడగకుండా మాత్రం తీసుకోకండి. నేను చికెన్ లెగ్ డబ్బా తిన్నా, అన్నం మీద క్యాబేజీ, గుడ్డు, కొంచెం తీపి కలిసిన సోయా రుచి, వేడిగా చాలా బాగుంది.

అందరూ లోయ వైపు ఫోటోలు తీస్తుంటే నాన్న ఐదు గంటలూ కొండ వైపు గోడనే చూస్తూ కూర్చున్నారు. నేనూ ఆయన చూపించినవి చూడటం మొదలుపెట్టా, ఇన్నాళ్ళు ఇక్కడ ఉండి అవి పట్టించుకోనేలేదు. కొన్నిచోట్ల కొండ వాలు మీద కాంక్రీటుతో పెద్ద పెద్ద గళ్ళు కట్టి, ఒక్కో గడిలో గడ్డి పెంచారు, గళ్ళు కలిసే చోట ఇనుప ఊచలు లోపలికి దిగేసి బిగించారు. కొన్నిచోట్ల స్టీల్ వల కప్పారు, వల అడుగున ఇప్పటికే పడిన రాళ్ళు బుట్టలో ఉన్నట్టు ఆగి ఉన్నాయి. రాళ్ళు తరచూ పడేచోట పట్టాల మీద కప్పులాంటిది కట్టారు, టన్నెల్ లాగే ఉంటుంది కానీ ఒకవైపు తెరిచి ఉంటుంది, రాయి దాని మీద పడి లోయలోకి దొర్లిపోతుంది.

ఫెన్‌చీహూ దాటాక ఒక వంపు దగ్గర బండి బాగా స్లో అయింది. అక్కడ రీటైనింగ్ వాల్, అంటే కొండ మట్టి జారకుండా కట్టిన గోడ, మా కిటికీకి చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. గోడ నిండా వరసగా ప్లాస్టిక్ పైపులు బయటికి పొడుచుకుని ఉన్నాయి, ముందురోజు వాన పడిందేమో ఒక్కో పైపు నుంచి నీళ్ళు కారుతున్నాయి, కింద గోడ వారగా కాలవ, ఆ కాలవలో ఆకులు లేవు, శుభ్రంగా ఊడ్చి ఉంది. నాన్న దాన్ని చూసి "ఏరా, ఆ పైపుల్లో నీళ్ళు వస్తున్నాయి చూడు, అవి రాకపోతే భయపడాలి" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పారు, కొండ కూలేది పైన పడిన వానతో కాదు, లోపల నిలిచిపోయిన నీళ్ళతో, నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే మట్టి బరువెక్కి పట్టు వదిలేస్తుంది, గోడ ఎంత లావు కట్టినా అది ఆపలేదు. వాళ్ళ లైన్లో కూడా కటింగ్ పైన క్యాచ్ వాటర్ డ్రెయిన్లు, అంటే పై నుంచి వచ్చే నీళ్ళని పట్టి పక్కకి పంపే కాలవలు, తవ్వుతారట, వానాకాలం ముందు వాటిలో పూడిక తీయడమే ట్రాక్ మీద పనిచేసే గ్యాంగ్ వాళ్ళకి పెద్ద పని. ఒక టన్నెల్ బయట హెల్మెట్లు పెట్టుకుని పొడుగు పిడి పారలతో ముగ్గురు నిలబడి బండికి దారిచ్చారు. నాన్న కిటికీలోంచి చెయ్యెత్తారు, వాళ్ళూ ఎత్తారు.

దిగాక నాన్న అన్న మాట, "నీళ్ళకి దారి చేశారు, మనుషుల్ని పెట్టి ఆ దారి ఊడుస్తున్నారు". 40 ఏళ్ళు దాటిన చిన్న పెట్టెలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నా నాకు ఏ లోటూ అనిపించలేదు, పక్కన అలాంటి మనిషి ఉన్నారు కాబట్టి.

ఈ కొండల సంగతి ఇంకొంచెం చెప్పాలి. తైవాన్ మన తెలంగాణలో మూడో వంతు కూడా ఉండదు, 36,000 చదరపు కిలోమీటర్లు, అందులో 3,000 మీటర్లు దాటిన శిఖరాలు 200కి పైగా ఉన్నాయి, యూషాన్ 3,952 మీటర్లు. రెండు భూఫలకాలు గుద్దుకుంటూ లేచిన కొండలు, ఇంకా లేస్తూనే ఉన్నాయి, రాయి అంతా పగుళ్ళే. దానికి తోడు భూకంపాలు. 1999 సెప్టెంబర్ 21 భూకంపంలో 2,400 మందికి పైగా పోయారు, ఆ ఊపుకి వదులైన కొండలు 2001లో తోరాజీ తుఫాను వానకి బురదై వాగుల్లోకి దిగి మళ్ళీ జనాన్ని చంపాయి. అంటే భూకంపం వచ్చిన రెండేళ్ళకి కూడా దాని దెబ్బ తగిలింది. మన దగ్గర 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో గాలి ఏం చేసిందో మా ఇంట్లో అందరూ చూశారు, ఇక్కడ గాలి సంగతి అలా ఉంచి వానే ఎక్కువ ప్రాణాలు తీస్తుంది.

రాళ్ళు, బురద, చెట్లు కలిసి వాగులో కొట్టుకొచ్చే ప్రమాదం ఉన్న వాగులు 1,700కి పైగా ఉన్నాయని సర్కారు లెక్కగట్టి మ్యాపులో పెట్టింది. ఒక్కో ప్రాంతానికి ఇంత వాన దాటితే ప్రమాదం అని ఒక హద్దు ఉంటుంది, మట్టి వదులుగా ఉన్నచోట 200 మిల్లీమీటర్లకే, గట్టిగా ఉన్నచోట 600 దాకా. రాబోయే వాన ఆ హద్దు దాటుతుందని అంచనా వస్తే ఎల్లో అలర్ట్, ఊరు ఖాళీ చేయమని చెప్తారు. నిజంగా పడిన వాన హద్దు దాటితే రెడ్, అప్పుడు బలవంతంగానైనా తీసుకెళ్ళొచ్చు. పెద్ద భూకంపం వస్తే ఆ చుట్టుపక్కల హద్దుల్ని తగ్గించేస్తారు, నాకు ఇది బాగా నచ్చింది, కొండ దెబ్బతిని ఉందని గుర్తుపెట్టుకుని లెక్క మారుస్తున్నారు. 2016 నుంచి ఆ ప్రాంతంలో ఉన్న అన్ని ఫోన్లకీ ఒకేసారి అలర్ట్ వస్తుంది, సిమ్ ఎవరిదైనా సరే, యాప్ అక్కర్లేదు. కొండ మీద మేం ఉన్న రాత్రి భూకంపం అలర్ట్ మోగింది, హోమ్‌స్టే మొత్తం ఫోన్లు ఒకేసారి అరిచేసరికి అమ్మ హడలిపోయింది, చిన్న ఊపే, కానీ ఊపు రాకముందే ఫోన్ మోగింది.

అంతా బ్రహ్మాండంగా ఉందని చెప్పట్లేదు. 2011 ఏప్రిల్‌లో ఇదే రైల్వేలో పైన షెన్‌ము దగ్గర చెట్టు కొమ్మ విరిగిపడి పెట్టెలు బోల్తాపడ్డాయి, ఐదుగురు టూరిస్టులు చనిపోయారు, అప్పుడు తుఫాను కూడా లేదు. 2025 సెప్టెంబర్ 23న రగాసా తుఫాను వానకి హువాలియెన్‌లో మతాయిఆన్ వాగు మీద కొండచరియతో ఏర్పడిన చెరువు పొంగి గ్వాంగ్‌ఫూ ఊరి మీద పడింది, బ్రిడ్జి కొట్టుకుపోయింది, పదిమందికి పైగా పోయారు. ఆ చెరువు అక్కడ ఉందని జులై నుంచీ అందరికీ తెలుసు, రోజూ కొలుస్తూనే ఉన్నారు. ఖాళీ చేయమంటే, లేదా పై అంతస్తుకి ఎక్కమంటే, ఎక్కలేని ముసలివాళ్ళు కింది గదుల్లోనే ఉండిపోయారు. అలర్ట్ పంపడం వేరు, మెట్లెక్కలేని మనిషిని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళడం వేరు. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి వేలమంది పారలు పట్టుకుని రైళ్ళెక్కి వెళ్ళి ఆ బురద ఎత్తారు, మా ఆఫీసు నుంచి కూడా కొందరు వెళ్ళారు, వాళ్ళని చూస్తే నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించింది. కానీ ఆ సాయం ముందురోజే ఆ ముసలివాళ్ళకి అందాల్సింది.

ఇంక వెళ్ళాలనుకునేవాళ్ళకి. జులై నుంచి సెప్టెంబర్ దాకా తుఫాన్లు ఎక్కువ, మే, జూన్‌లలో కూడా ముసురు వానలు ఉంటాయి, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు నవంబర్ తర్వాత పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో చెర్రీ పూలు ఉంటాయి, జనం విపరీతం. తుఫాన్ల నెలల్లోనే వెళ్ళక తప్పకపోతే రైలు రోజు పక్కన ఇంకో రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి, ఆ మర్నాడే ఇండియా ఫ్లైట్ పెట్టుకోకండి. పైన వేసవిలో కూడా స్వెట్టర్ కావాలి. సన్‌రైజ్ చూపించే రైలుకి టికెట్ వేరే, అది విడిగా తీసుకోవాలి. ఐదు గంటలు కూర్చోలేని పెద్దవాళ్ళయితే ఫెన్‌చీహూ దాకా 384 డాలర్ల టికెట్ తీసుకుని అక్కడ దిగి బస్సెక్కండి, చుట్లు తిరిగే భాగం ఎలాగూ అందులోనే వస్తుంది.

రైలు క్యాన్సిల్ అయితే మాత్రం దయచేసి ట్యాక్సీ మాట్లాడుకుని 18వ నంబర్ రోడ్డు మీద పైకి వెళ్ళకండి, రైలు ఆపిన కొండ మీదే ఆ రోడ్డూ ఉంది. జియాయీలోనే ఉండండి, టర్కీ రైస్ (టర్కీ కోడి మాంసం వేసిన అన్నం) తినండి, పేమెన్ స్టేషన్ దగ్గర పాత ఇంజన్లు, షెడ్డు చూడండి, అడిగితే చాలా ఓపిగ్గా చెప్తారు. రీఫండ్ అయ్యేదాకా టికెట్ పారేయకండి, హోటల్ వాళ్ళకి చూపించడానికి ల్యాండ్ వార్నింగ్ వచ్చిన టైమ్ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.